వంతు నీళ్ళలాంటి సత్తువ

(యల్లాప్రగడ సుబ్బారావు గారి జయంతి నాడు మైదుకూరులో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ రోజు జనవరి 12. 1895లో ఇదే రోజున భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. గోదావరి డెల్టాలో పుట్టి అమెరికాలో కన్నుమూసిన శాస్త్రవేత్త పేరున మైదుకూరులో సభ ఎందుకని ఒకరిద్దరు నన్ను అడిగారు. ఈ ఉపన్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబే. మనిషి తిన్న తిండి ఒంట్లో సత్తువగా ఎట్లా మారుతుందో లోకానికి చెప్పినవాళ్ళలో సుబ్బారావు గారు ముందువరసలో ఉంటారు. ఏ గింజ తింటే ఆ సత్తువ పొద్దు గుంకేదాకా నిలుస్తుందో తరతరాలుగా ఎరిగిన నేల మనది. కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్పి రిటైరైన నేను ఇక్కడికి దగ్గరి పల్లెలోనే పుట్టాను. సంగటి తిని పెరిగి, సుబ్బారావు గారి పాఠం చెప్పి బతికినవాణ్ణి. ఈ రెండింటినీ ఒకచోట చేర్చి మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు మీకు కృతజ్ఞుణ్ణి.

తిన్నది ఒంటికి పట్టడం

సుబ్బారావు గారి బతుకులో తిండికీ సత్తువకూ ఉన్న లంకె పుస్తకాల్లో చదువుకొన్నది మాత్రమే కాదు. ఆయన ఇంట్లో స్ప్రూ అనే పేగుల జబ్బు చొరబడింది. ఆ జబ్బులో మనిషి తింటూనే ఉంటాడు, తిన్నది ఒంటికి పట్టదు, రోజురోజుకూ కృశించిపోతాడు. అన్నదమ్ములను ఆయన ఆ జబ్బుకే పోగొట్టుకొన్నారు. తనకూ అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకొన్నారు. 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో చిన్న పనులు చేసి పొట్టపోసుకొంటూ హార్వర్డ్‌లో చదివారు. తర్వాతి కాలంలో లెడర్లీ పరిశోధనశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు అదే మందుగా అక్కరకు వచ్చింది. తన ఇంటిని కాల్చిన జబ్బుకు తన చేతులతోనే మందు అందించిన మనిషి ఆయన.

అంతకుముందు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి చేసిన పని మన నేటి విషయం. కండ కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పట్లో శాస్త్రవేత్తలు నమ్మేవారు. కండలో దాని రాకపోకలను వివరించినందుకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫిస్క్, సుబ్బారావు 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వేరుచేసి చూపారు. ఏటీపీని మన ఒంటి చిల్లర డబ్బు అనుకోండి. నోటు ఎంత పెద్దదైనా సంతలో చెల్లాలంటే చిల్లర మార్చక తప్పదు. సంగటి అయినా, అన్నమైనా, చెనిక్కాయలైనా చివరికి ఏటీపీగా మారితేనే గుండె కొట్టుకొనేది, చెయ్యి లేచేది. ఒంట్లో ఒక క్షణాన ఉండే ఏటీపీ చాలా తక్కువ. అది ఖర్చవుతూ, మళ్ళీ తయారవుతూ రోజంతా తిరుగుతూనే ఉండాలి. అంటే సత్తువను మూట కట్టి దాచుకోలేము. అది వస్తూ ఉండాలి, పోతూ ఉండాలి.

అదే 1929లో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు నోబెల్ బహుమతి అందుకొన్నాడు. జావాలో ఆయన చూసిన సంగతి ఇది: బాగా పాలిషు పట్టిన బియ్యం మేసిన కోళ్ళు కాళ్ళు పడిపోయి కూలబడ్డాయి. తవుడు పెడితే లేచి తిరిగాయి. తవుడులో ఉన్నది తర్వాత థయమిన్ అని, బి1 విటమిన్ అని తేలింది. పిండిపదార్థం ఏటీపీగా మారే దారిలో ఒక మలుపు దగ్గర థయమిన్ లేకపోతే బండి ఆగిపోతుంది. బియ్యాన్ని తెల్లగా రుద్ది తవుడు బర్రెలకు పోసి, అన్నం వార్చి గంజి కుడితిలో పారబోసే ఇంట్లో జరుగుతున్నది ఇదే. నోటు మిగులుతుంది, దాన్ని మార్చి చిల్లర ఇచ్చేవాణ్ణి మనమే బయటికి పంపేస్తాము.

కాలువ చెప్పే పాఠం

‘కడుపు నిండా తిన్నాను సార్, అయినా పదకొండయ్యేసరికి కాళ్ళు పీకుతున్నాయి, కండ్లు మూతలు పడుతున్నాయి’ అని నాతో చెప్పేవాళ్ళు చాలామంది. ఎందుకట్లా అవుతుందో కర్నూలు–కడప (కేసీ) కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు చెప్పడం సులువు.

కాలువ నీళ్ళు మన చేనికి ఎట్లా వస్తాయి? తూము నుంచి పిల్లకాలువకు, అక్కణ్ణుంచి మడవ తిప్పితే మడికి. వంతు ప్రకారం నిదానంగా వస్తే పైరు బతుకుతుంది. ఒక్కసారిగా వదిలితే గెనేలు తెగుతాయి. నీరు పక్క వంకలో కలుస్తుంది. మూడు రోజులకు చివరి ఆయకట్టు ఎండుతుంది. అంతా కలిపి లెక్కవేస్తే రెండుసార్లూ వచ్చిన నీళ్ళు ఒకటే కావచ్చు, పంట మాత్రం ఒకటి కాదు.

ఒళ్ళూ అంతే. పెద్ద మనిషి రక్తమంతటిలో ఏ క్షణాన చూసినా ఉండే చక్కెర సుమారు 5 గ్రాములు, ఒక చిన్న చెంచాడు. వండిన తెల్లన్నం 300 గ్రాములు తింటే అందులోని పిండిపదార్థం 80 గ్రాముల పైమాటే. చెంచాడు పట్టే కాలువలోకి పదహారు పదిహేడు చెంచాలు వచ్చిపడుతున్నాయన్న మాట. పీచు, పప్పు, నూనె ఏమీ లేకుండా ఆ అన్నం ఒక్కటే పోతే గంటలోపే ఆ వరద రక్తంలో ఉధృతమవుతుంది. అప్పుడు పరుగెత్తాల్సింది ఇన్సులిన్. మా చిన్నప్పుడు ఊళ్ళో నీళ్ళు పంచే నీరుగంటి ఉండేవాడు. ఎవరి చేనికి ఎంత, ఎప్పుడు అని చూసి మడవలు తిప్పడం ఆయన పని. ఇన్సులిన్ మన ఒంటి నీరుగంటి. వరద చూసి హడావిడిగా అన్ని మడవలూ తెరుస్తాడు. అట్లా తెరిచినప్పుడు కొందరిలో చక్కెర తినకముందు ఉన్న మట్టం కంటే కిందికి జారుతుంది. పదకొండు గంటల నీరసం, టీ మీదికి, బిస్కత్తు మీదికి మనసు పోవడం అక్కడినుంచే వస్తాయి.

మిగులు నీరు ఎక్కడికి పోతుంది? కొంత కాలేయంలోకి. అది ఊరుమ్మడి చెరువు. సుమారు 100 గ్రాముల చక్కెర దాచి, రాత్రి నిద్రలోనూ మెదడుకు అందిస్తుంది. కొంత కండల్లోకి. అవి ఎవరి చేనిలో వాళ్ళు తవ్వుకొన్న బావులు. ఆ నీళ్ళు ఆ చేనికే పనికొస్తాయి, బయటికి రావు. రోజూ కష్టం చేసే మనిషి బావి సాయంత్రానికి అడుగంటుతుంది, మరుసటి రోజు అన్నానికి అందులో చోటుంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషి బావి ఎప్పుడూ నిండే ఉంటుంది. చెరువూ బావీ నిండాక వచ్చే నీరు ఏం చేస్తుందో మీకు తెలుసు. చౌడు తేలుతుంది. కాలేయానికి కొవ్వు పట్టడం, నడుము చుట్టూ కొవ్వు చేరడం మన ఒంటి చౌడు. ఏళ్ళ తరబడి ఇట్లా జరిగితే మడవలు పూడుకుపోతాయి, నీరుగంటి పిలిచినా తెరుచుకోవు, చివరికి నీరుగంటీ అలిసిపోతాడు. దానికి మనం పెట్టుకొన్న పేరు షుగరు జబ్బు.

2023లో ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే లెక్క చెప్పింది. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. అదే సర్వే తిండి లెక్క 2025లో వచ్చింది. మనవాళ్ళకు అందే శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నది. ఎక్కువ భాగం తెల్లబియ్యం, మర పట్టిన పిండి, చక్కెర. జాతీయ పోషకాహార సంస్థ ధాన్యాల వాటా 45 శాతం దాటవద్దంటున్నది.

తెల్లన్నం ఎట్లా వచ్చింది

దీనికి మైదుకూరు మనిషిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మన పళ్ళెం మారిన కథ చెప్పుకొంటే ఎవరి మీదా కోపం రాదు.

మా జేజి కాలంలో వరన్నం పండగకు, పెళ్ళికి, జబ్బు మనిషికి. మిగతా రోజుల్లో మెట్టచేలలో పండినది: జొన్నలు, సజ్జలు, కొర్రలు, ఆరికెలు, సామలు, చోళ్ళు (రాగులు). పొద్దున సద్ది, మధ్యాహ్నం సంగటి, రాత్రి రొట్టెనో కొర్రన్నమో. పక్కన పప్పు, పుంటికూర, చెనిక్కాయల ఊరిమిండి, ఎర్రగడ్డ. ఆ తిండిని లోకం గౌరవించలేదు. శ్రీనాథుడి పేర చెప్పుకొనే చాటువుల్లోనే పల్నాటి జొన్నకూడు మీద ఎకసెక్కాలు ఉన్నాయి. వరన్నం తినేవాడు గొప్పోడు, సంగటి తినేవాడు బీదోడు అనే లెక్క అంత పాతది. బడికి సంగటి తీసుకుపోయిన నేను గిన్నె మూత అడ్డం పెట్టుకొని తిన్నాను. ఆ సిగ్గు నాకు గుర్తుంది.

కేసీ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్ళించి కర్నూలు నుంచి కడప దాకా తెచ్చింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కొంది. కాలువ వెంట వరి వచ్చింది, పసుపు వచ్చింది. తర్వాత మరలు వచ్చి బియ్యాన్ని ముత్యాల్లా రుద్దాయి. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. పస్తులున్న ఇళ్ళలో పొయ్యి వెలిగింది. ఆ బియ్యాన్ని నేను ఎన్నడూ చిన్నచూపు చూడను. ఆకలి కంటే పెద్ద జబ్బు లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొర్రలు దంచడం, చోళ్ళు ఇసుర్రాయిలో వేసి విసరడం ఎవరి పని? ఆడవాళ్ళది. తెల్లవారుజామున మూడు గంటలకు మా అమ్మ రోకటిపోటు విని నిద్రలేచేవాణ్ణి. బియ్యం మర ఆమె రెక్కలకు ఊపిరి పోసింది. ‘పాత తిండికి మళ్ళండి’ అని ఊరికే చెప్పే మనిషి ఆ రోకలి మళ్ళీ ఎవరి చేతికి ఇస్తున్నాడో ముందు చెప్పాలి.

ఇట్లా కాలువ, మర, చౌకబియ్యం మూడూ మంచే చేశాయి. మూడూ కలిసి మెట్టగింజను పళ్ళెం నుంచి తప్పించాయి. అదే కాలంలో మోటారుసైకిలు, ట్రాక్టరు, కోత మిషను వచ్చి ఒంటి కష్టాన్ని తగ్గించాయి. అన్నం ముద్ద మాత్రం నాగలి దున్నిన రోజుల్లో ఎంత ఉండేదో అంతే ఉంది. చిక్కంతా ఇక్కడే.

ఎవరికి ఎంత

జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల్లో కూర్చొని పనిచేసే మగమనిషికి రోజుకు 2110 కాలరీలు చాలు. బరువు పని చేసే మగమనిషికి 3470 కావాలి. ఆడవాళ్ళలో కూర్చొని పనిచేసేవారికి 1660, బరువు పని చేసేవారికి 2720. నాలుగురోడ్ల దగ్గర అంగట్లో కూర్చొన్న షావుకారుకూ, ఎండలో ఎర్రగడ్డల మూటలు లారీకి ఎత్తే హమాలీకీ మధ్య తేడా 1360 కాలరీలు. ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం అన్యాయం.

ఈ అన్యాయం మన సీమ ఒకసారి చూసింది. 1876–78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలోని కరువు పనులకు బ్రిటిషు అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. ఆ కూలితో మనిషికి రోజుకు దొరికేది ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు. రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదని ఆనాటి మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఈనాటి లెక్కతో చూస్తే 450 గ్రాముల గింజలో ఉండేది సుమారు 1600 కాలరీలు. బరువు పని చేసే మగమనిషికి కావలసినదాంట్లో సగం కూడా కాదు. ఆ కరువులో లక్షల మంది పోయారు. అందుకే షుగరు భయంతో కూలి మనిషికి ‘ముద్ద తగ్గించు’ అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ మనిషికి చెప్పవలసిన మాట వేరు: ముద్ద అంతే ఉంచు, పక్కన పప్పూ ఆకూ పెంచు. తగ్గించవలసింది కూర్చొన్నవాళ్ళం, నాలాంటివాళ్ళం. యాభై దాటాక నా రక్తపరీక్షలో చక్కెర గీత దాటినప్పుడు నేను మొదట చేసింది అదే.

గింజ పేరు ఒక్కటే చాలదు

ఏ తిండి ఎంత వేగంగా రక్తంలోకి చక్కెరను వదులుతుందో కొలిచే పద్ధతిని 1981లో టొరొంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం తెచ్చింది. దాన్ని గ్లైసీమిక్ సూచిక అంటారు. గ్లూకోజు వేగాన్ని 100 అనుకొంటే 55 లోపున్నవి నిదానంవి, 70 పైనున్నవి వేగంవి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ నాయకత్వంలో 2021లో 65 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. చిరుధాన్యాల సగటు 52.7, మర బియ్యానికి 71.7, మైదా వంటి శుద్ధిచేసిన గోధుమకు 74.2. శెనగలకైతే 30 లోపే. నంద్యాల, కోయిలకుంట్ల, మైదుకూరు నల్లరేగళ్ళలో మనం పండించి బస్తాలకెత్తి ఊరిబయటికి పంపే శెనగ, ఈ దేశంలో అతి నిదానంగా అరిగే పిండిపదార్థాల్లో ఒకటి. పంపేది పంపండి. నెలకు నాలుగు కిలోలు ఇంట్లో ఉంచుకోండి.

సూచిక వెనక ఉన్న కారణం చూడండి. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో మర బియ్యం 100 గ్రాముల్లో పీచు 2.8 గ్రాములు, జొన్నలో 10.2, చోళ్ళలో 11.2, సజ్జలో 11.5. పీచు కాలువలో వేసిన రాతి అడ్డుకట్టలాంటిది. నీటిని ఆపదు, దూకుడు తగ్గిస్తుంది. చోళ్ళలో సున్నం (కాల్షియం) 364 మిల్లీగ్రాములు, బియ్యంలో 8 కూడా ఉండదు. బియ్యం కంటే సజ్జలో ఇనుము చాలా ఎక్కువ.

ఈమధ్య చిరుధాన్యాలకు మంచిరోజులు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన ప్రొద్దుటూరులో పుట్టిన డాక్టర్ ఖాదర్ వలీ గారు కొర్ర, ఆరికె, సామ, ఊద, అండుకొర్రల పేర్లు ఇంటింటికీ చేర్చి ఆ ఏడాదే పద్మశ్రీ అందుకొన్నారు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది, రేనాడు వంటి కొర్ర రకాలను ఇచ్చింది. తొలి తెలుగు శాసనాలు పుట్టిన సీమ పేరు ఒక కొర్రకు పెట్టడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. సూర్యనంది 75 రోజుల్లోపే కోతకొస్తుంది. తొలకరికి కొర్ర వేసి, కోసి, అదే నేలలో వెనక శెనగ వేసే రైతులు మనవైపు ఉన్నారు. నేలకూ కడుపుకూ ఒకే పంటవరస మేలుచేసే చోటు ఇది.

అయినా ఇష్టమైనవాటి గురించే నిజం గట్టిగా చెప్పాలి. చిరుధాన్యమనే పేరు ఉంటే చాలు మేలుచేస్తుందని అనుకోవద్దు. కొర్రను కూడా తెల్లగా రుద్దితే పీచు పోతుంది. చోళ్ళపిండిని మైదాలా మెత్తగా పట్టి, పల్చగా జావ కాచి, బెల్లం వేసి తాగితే అది కాలువలోకి వచ్చే మరో వరద. బెల్లమైనా చక్కెరైనా నీరుగంటికి ఒకటే. ‘మిల్లెట్ బిస్కత్తు’ కొనేముందు పొట్లం వెనక్కి తిప్పండి. మైదా, చక్కెర, పామాయిల్ ముందు వరసలో ఉంటే దాన్ని అంగట్లోనే వదిలేయండి. ఇందాక చెప్పిన 2025 లెక్కల్లో ఇంకో పాఠం ఉంది. తెల్లబియ్యం తీసేసి అంతే పరిమాణంలో చిరుధాన్యపు పిండి పెట్టినంత మాత్రాన ముప్పు తగ్గలేదు. మొత్తం పిండిపదార్థం కొంత తగ్గి, ఆ చోట పప్పులు, పాలు, పెరుగు వంటివి చేరినప్పుడు తగ్గింది. చిరుధాన్యం తింటే అన్ని జబ్బులూ పోతాయనే మాటలు నమ్మి మాత్రలు, ఇన్సులిన్ మానుకోవద్దు. ఇన్సులిన్ తీసుకొనేవాళ్ళు తిండి మార్చేముందు డాక్టరుకు చెప్పాలి. తిండి మారితే మందు కొలతా మారాల్సి రావచ్చు.

బియ్యం కూడా శత్రువు కాదు. బాపట్లలో పుట్టిన సాంబమసూరి మన నాలుకలకు ఎంత అలవాటైందో నాకు తెలుసు. తక్కువ పాలిషు పట్టించండి. వార్చకుండా ఎసరు కట్టి వండండి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి పొద్దున మజ్జిగతో తినే సద్దికి శాస్త్రం ఇప్పుడు మద్దతు పలుకుతున్నది. చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత గట్టిపడి, అరగడానికి ఆలస్యం చేస్తుంది. పేదరికం గుర్తని మనం వదిలేసిన సద్దిలో ఆ బలం ఉంది.

మన పళ్ళెం

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కాలరీల రోజుకు పళ్ళెం ఎట్లా ఉండాలో చెప్పింది. ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85, కూరగాయలు ఆకుకూరలు 400, పండ్లు 100, పాలు 300 మిల్లీలీటర్లు, చెనిక్కాయల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27. వీటిని మైదుకూరు వంటింట్లోకి తెచ్చి చెబుతాను.

పొద్దున ఉగ్గాని, బజ్జీ మన ప్రాణం. మానుకోమని అననుగాని రోజూ వద్దు. బొరుగులు గాలిలా తేలికైనవి, రక్తంలోకి కూడా గాలివేగంతో పోతాయి. ఉగ్గాని చేసిన రోజు బొరుగులు సగం చేసి, పప్పులపొడి, ఎర్రగడ్డ, టమోటా దండిగా వేసి, పక్కన బజ్జీకి బదులు ఉడికించిన గుడ్డో గుగ్గిళ్ళో పెట్టుకోండి. మిగతా రోజుల్లో కొర్ర ఉప్మా, సజ్జరొట్టె, పెసరట్టు, సద్ది.

మధ్యాహ్నం సంగటి ముద్దలో నూకలు తగ్గించి చోళ్ళపిండి పెంచండి. పిండి కాస్త బరకగా పట్టించండి. ఒక ముద్దకు రెండు గరిటెల పప్పు, ఒక గిన్నె ఆకుకూర, కాస్త ఊరిమిండి. అన్నం తిన్నా అదే కొలత. ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు తిని తర్వాత అన్నంలోకి పోతే చక్కెర నిదానంగా ఎక్కుతుంది. తిన్నాక మంచమెక్కకుండా పది పదిహేను నిమిషాలు నడవండి. నడిచే కండ నీరుగంటి వచ్చేదాకా ఆగదు, మడవ తనే తెరుచుకొని నీళ్ళు తీసుకొంటుంది.

సాయంత్రం టీలోకి బిస్కత్తుకు బదులు ఉడికించిన చెనిక్కాయలు, అలసంద గుగ్గిళ్ళు, ఉలవలు. టీలో చక్కెర రెండు చెంచాలనుకొంటే రోజుకు నాలుగు టీలతో 40 గ్రాములు. రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పులివెందుల చీనీకాయ దొరికితే రసం పిండకుండా తొనలు ఒలిచి తినండి. రాత్రి జొన్నరొట్టె, కూర, త్వరగా.

చివరి విన్నపం

సుబ్బారావు గారు మెట్రిక్ రెండుసార్లు తప్పారు. ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ పట్టా దక్కక కింది స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకొన్నారు. ఏ పేరూ లేకుండానే 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఆయన చేసిన పని మాత్రం మన ప్రతి ఊపిరిలో ఉంది. ఆయన పేరున విగ్రహం కంటే ఊరికి పనికొచ్చే నాలుగు పనులు మనం చేయగలం.

ఒకటి: మైదుకూరు చుట్టుపక్కల ప్రతి పెద్ద పల్లెలో చిరుధాన్యాల పొట్టు తీసే చిన్న మర ఒకటి పెట్టించండి. రైతుసంఘాలూ, పొదుపు సంఘాలూ కలిస్తే ఇది పెద్ద ఖర్చు కాదు. అమ్మ చేతికి రోకలి మళ్ళీ రాకూడదు. కొర్ర మాత్రం రావాలి.

రెండు: బడుల్లో 2023 మార్చి నుంచి రాగిజావ పోస్తున్నారు. అయ్యవార్లకు నా మనవి, అందులో బెల్లం తగ్గించండి, వారంలో రెండు రోజులైనా దాని పక్కన శెనగ గుగ్గిళ్ళు చేర్చండి. హాస్టళ్ళలో మధ్యాహ్నం ఒకపూట సంగటి పెట్టండి. గిన్నె మూత అడ్డం పెట్టుకొనే పిల్లవాడు ఇక మన బడిలో ఉండకూడదు.

మూడు: మెట్ట ఉన్న రైతులు ఒక ఎకరా కొర్రకు వదలండి. అమ్మడానికి కాకపోయినా ఇంటికి, ఊరికి.

నాలుగు: నలభై దాటిన ప్రతివారూ ఏడాదికి ఒకసారి రక్తంలో చక్కెర చూపించుకోండి.

ఎల్లుండి భోగి. మీ ఇంటి పొంగలిలో ఈసారి సగం కొర్రబియ్యం వేయండి. ఆ పొంగలి తిని, కాసేపు చేను గట్టు మీద నడిచి రండి. సుబ్బారావు గారికి మైదుకూరు ఇచ్చే నివాళి అదే.